మట్టి ట్రాకు మాడిఫైడ్‌కి కొత్త కాక్‌పిట్: ప్రాజెక్టు డైరీ

షాపులో ఉన్నది అమెరికా మిడ్‌వెస్ట్‌లో వారాంతాల్లో మట్టి ట్రాకుల మీద తిరిగే ఓపెన్ వీల్ మాడిఫైడ్ రకం రేసు కారు. ముందు చక్రాలు బయటికి ఉంటాయి, వెనక చక్రాల మీద రేకు బాడీ, ముందు వీ8 ఇంజను, ఎడమ పక్క డ్రైవరు. ఛాసిస్ తిన్నగానే ఉంది. కేజ్ (డ్రైవరు చుట్టూ ఉండే ఉక్కు పంజరం) గొట్టాల్లో వంపు లేదు, వెల్డింగులు శుభ్రంగా ఉన్నాయి. డ్రైవరు కూర్చునే చోట ఉన్న ప్రతి వస్తువూ మాత్రం పాతికేళ్ల కిందటిది. ఇంజను మీద కొండంత ఖర్చు పెట్టి సీటు మీద గోరంత పెట్టిన బండ్లు ఈ క్లాసులో ఇప్పటికీ చాలానే ఉన్నాయి. ఇదీ అలాంటిదే.

ఈ ప్రాజెక్టుకు ఒక అంకె పెట్టుకున్నాం: 10 సెకన్లు. ఎస్‌ఎఫ్‌ఐ (రేసు సామాన్లకు భద్రతా ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ) 3.2ఏ/5 ట్యాగు ఉన్న డ్రైవింగ్ సూటు మంటలో రెండో డిగ్రీ కాలిన గాయం పడకుండా ఆపగలిగే సమయం సుమారుగా అంతే. ఆ లోపల డ్రైవరు బయట పడాలి. పడాలంటే దెబ్బ తగిలాక కూడా అతనికి స్పృహ ఉండాలి, చేతులూ కాళ్లూ ఆడాలి. సీటు, బెల్టులు, తల ముందుకు ఊగకుండా ఆపే మెడ పరికరం, హెల్మెట్, కిటికీకి కట్టే నెట్, ఫ్యూయల్ సెల్ అనే పెట్రోలు ట్యాంకు... ప్రతిదాన్నీ ఈ లెక్కలోనే చూస్తున్నాం.

మొదటి వారం: విప్పి చూడటం

ముందు ఫొటోలు, కొలతలు. తర్వాతే స్పానరు. విప్పినవన్నీ బెంచి మీద వరసగా పేరిస్తే ఏది ఏ కాలందో వాటంతట అవే చెప్పాయి.

సీటు అల్యూమినియందే. కానీ వీపు భుజాల దాకా వచ్చి ఆగిపోయింది. కుడి పక్కటెముకల దగ్గర ఒక చిన్న ఆసరా ఉంది, తలకు ఏమీ లేదు. 5/16 అంగుళం బోల్టులతో ఫ్లోరు రేకుకు బిగించారు. వెనక ఎడమ రంధ్రం అంచు నుంచి వెంట్రుకవాసి చీలిక మొదలైంది. రంగు గీకి, వేలిగోరు అడ్డంగా నడిపిస్తే గానీ తెలియలేదు.

బెల్టులు 3 అంగుళాల నైలాన్, ఐదు పాయింట్లవి, అంటే ఐదు చోట్ల బండికి కట్టేవి. భుజం పట్టీలు ఎండకు పాలిపోయాయి. అడ్జస్టర్ కింద ఎండ తగలని చోట అసలు రంగు ముదురు నీలం, బయట బూడిద రంగు. ఆ తేడా ఒక్కటి చాలు వాటిని చెత్తబుట్టలో వెయ్యడానికి. పారేసే ముందు ముక్కలుగా కోశాం. లేకపోతే ఎవరో ఒకరు తీసుకెళ్లి ఇంకో బండికి బిగిస్తారు.

కేజ్‌కి చుట్టిన నల్ల ఫోమ్ నీళ్ల పైపులకు చుట్టే ఇన్సులేషన్. బొటనవేలితో నొక్కితే నేరుగా ఉక్కు తగిలింది. ఈ తప్పు ఎంత మామూలంటే, ట్రాకు పక్కన బండ్లు నిలిపే పిట్స్‌లో పది బండ్లు చూస్తే ఒకదానిలోనైనా కనిపిస్తుంది. హెల్మెట్ ఆ గొట్టానికి తగిలినప్పుడు ఆ ఫోమ్ ఉన్నా లేనట్టే. ఎస్‌ఎఫ్‌ఐ 45.1 ప్యాడింగ్ గట్టిగా ఉంటుంది, వేలితో నొక్కితే లొంగదు. దెబ్బకు మాత్రం నలుగుతుంది. చేత్తో పట్టుకుని 'ఇంత గట్టిగా ఉంటే ఏం మెత్త' అనిపించినా, కావలసింది అదే.

సామాన్ల పెట్టెలో మెడకు చుట్టుకునే గుండ్రటి ఫోమ్ కాలరు, మోటారుసైకిలు వాళ్ల ఎం రేటింగ్ హెల్మెట్ దొరికాయి. విండో నెట్ కింది అంచును కేజ్‌కి ప్లాస్టిక్ టైలతో కట్టారు. ఫ్యూయల్ సెల్ మూత తీసి లోపలి ఫోమ్ ముక్క ఒకటి గిల్లితే వేళ్ల మధ్య పొడిపొడిగా రాలింది.

వీటిని వెక్కిరించడం సరికాదు. ప్రతి ఒక్కటీ తన కాలంలో ఒక మెట్టు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక విమానాల నుంచి తీసి అమ్మిన నడుం బెల్టులు కట్టుకుని పరుగెత్తినవాళ్లున్నారు. 1950లలో నూలు బట్టలను బోరాక్స్ కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టి, అదే మంట రక్షణ అనుకున్నారు. స్ప్రింట్ కార్లు (మట్టి ట్రాకుల మీద తిరిగే చిన్న, తేలికపాటి రేసు బండ్లు) కేజ్ లేకుండా, డ్రైవరు తల అందరికంటే ఎత్తుగా బయటికి కనిపిస్తూ ఎన్నో ఏళ్లు తిరిగాయి. అప్పట్లో ఇంకో ఆలోచన కూడా ఉండేది: బండి పల్టీ కొడితే బయటికి విసిరేయబడటమే మేలని. కేజ్ వచ్చాక ఆ లెక్క తలకిందులైంది. కేజ్ లోపలే ఉండాలి, కదలకుండా ఉండాలి.

రెండో వారం: సీటు

చాలామంది ముందు మెడ పరికరం కొంటారు, తర్వాత బెల్టులు మారుస్తారు, సీటు సంగతి వచ్చే సీజన్ అంటారు. వరస తలకిందులుగా ఉంది. బెల్టు ఎక్కడ పుట్టాలో సీటు చెబుతుంది. మెడ పరికరం భుజాల మీద నిలిచేది ఆ బెల్టుల కింద. సీటు వదులైతే మిగతా రెండూ వదులే.

ఓవల్ ట్రాకులో ఎడమకే తిరుగుతారు కాబట్టి గోడకు ఎక్కువగా తగిలేది కుడి ముందు మూల. అప్పుడు ఒళ్లు ముందుకీ కుడికీ కలిసి పోతుంది. పాత సీటులో కుడి పక్కటెముకల ఆసరా ఒక్కటే ఉంది కదా, అది తిరుగుడు మేకులా మారుతుంది. ఒళ్లు దాని చుట్టూ వంగుతుంది, తల గిరుక్కున ఊగుతుంది. భుజాన్ని ఆపే రెక్క, తలను ఆపే రెక్క, తుంటిని రెండు పక్కలా పట్టే గోడ, మూడూ ఉన్న ఫుల్ కంటైన్‌మెంట్ సీట్లు 2001 తర్వాతే మామూలు ట్రాకుల దాకా వచ్చాయి. 1996, 1997లలో నాస్కార్ (అమెరికాలో స్టాక్ కారు రేసులు నడిపే సంస్థ) రెండో స్థాయి బుష్ సిరీస్‌లో చాంపియన్ అయిన రాండీ లజోయ్ ఆ తర్వాత సీట్ల తయారీలోకి వచ్చి, చిన్న ట్రాకుల డ్రైవర్లకు వాటి గురించి చెబుతూ తిరిగాడు. ఈ పని పైస్థాయి సిరీస్‌లకంటే శనివారం రాత్రి ట్రాకులకే ఎక్కువ అవసరమని మా అభిప్రాయం కూడా.

కొత్త సీటు కొలత సూటు వేసుకున్నాకే తియ్యాలి. జీన్స్ మీద తీస్తే తుంటి దగ్గర బిగుసుకుంటుంది. తుంటికీ సీటు గోడకీ మధ్య అరచెయ్యి బలవంతంగా దూరాలి, అంతకు మించి ఖాళీ వద్దు. హెల్మెట్‌కీ తల రెక్కకీ మధ్య మేం పెట్టుకున్నది పక్కకు సుమారు 1 అంగుళం. ఎక్కువ వదిలితే తల ఆ దూరంలో వేగం పుంజుకుని కొడుతుంది.

బిగింపు: ఫ్లోరు రేకును పూర్తిగా మర్చిపోయాం. 1.25 అంగుళాల గొట్టం, 0.095 అంగుళం మందం, ఫ్రేమ్ రైలు నుంచి కేజ్ దాకా అడ్డంగా రెండు వెల్డ్ చేసి, సీటు అడుగున నాలుగు, వీపున నాలుగు, మొత్తం ఎనిమిది 3/8 అంగుళం గ్రేడ్ 8 (గట్టి ఉక్కు రకం) బోల్టులు. ప్రతి బోల్టు కిందా 2 అంగుళాల వ్యాసం ఉన్న వాషరు. అల్యూమినియం మెత్తటిది. చిన్న వాషరైతే దెబ్బకు బోల్టు తల సీటును చించుకుని వచ్చేస్తుంది. బోల్టు గుండ్రటి తల లోపలి వైపు, నట్టు బయటి వైపు. వెన్ను దగ్గర మొన తేలిన బోల్టు ఒక్కటి ఉన్నా ప్రమాదమే.

ఇక్కడ రెండు తప్పులు జరగవచ్చు. ఒకటి, అడుగును ఫ్లోరుకీ వీపును కేజ్‌కీ కట్టడం. దెబ్బకు కేజ్, ఫ్లోరు వేరువేరుగా కదులుతాయి, సీటు మధ్యలో చీలుతుంది. రెండోది మేం మొదటి అమరికలో చూశాం. హెల్మెట్ పైనుంచి కేజ్‌కి 1.5 అంగుళాలే మిగిలింది. పల్టీలో బెల్టులు సాగుతాయి, ఒళ్లు పైకి లేస్తుంది, ఆ ఖాళీ చాలదు. అడ్డ గొట్టాలు కోసి 1 అంగుళం కిందికి దించి మళ్లీ వెల్డ్ చేశాం. ఇప్పుడు 2.5 అంగుళాలు. ముందు టాక్ వెల్డ్ (తాత్కాలికంగా చుక్కల్లా వేసేది) మాత్రమే వేసి డ్రైవరును హెల్మెట్‌తో కూర్చోబెట్టి చూడమనేది ఇందుకే.

సీటు లోపల నింపడానికి పూసల ఇన్‌సర్ట్ పోశాం. పాలీస్టైరీన్ పూసలున్న సంచిలో రెసిన్ కలిపి, బాగా పిసికి, సీటులో పరిచి, పైన ప్లాస్టిక్ షీటు వేసి, డ్రైవరు పూర్తి సూటుతో కూర్చుంటాడు. సంచికి షాప్ వాక్యూమ్ తగిలించి గాలి లాగితే ఒంటి ఆకారం పట్టుకుంటుంది. స్టీరింగ్ పట్టుకుని, పెడల్ మీద కాలు పెట్టి, బండి నడిపే భంగిమలోనే ఉండాలి. హాయిగా వెనక్కి వాలితే ఆ వాలు భంగిమకే సీటు తయారవుతుంది. రెసిన్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, కంగారు పడక్కర్లేదు. రాత్రంతా వదిలేసి, పొద్దున రంపపు పళ్లున్న కత్తితో అంచులు కోశాం.

రెండు జాగ్రత్తలు. పిర్రల కింద మెత్తటి ఫోమ్ దిండు పెట్టకూడదు. దెబ్బకు అది అణిగిపోతుంది, అంత మేరా నడుం బెల్టు వదులైపోతుంది. రెండోది, ఇన్‌సర్ట్ పై అంచు మెడ పరికరం వెనక భాగాన్ని తాకకూడదు. తాకితే అది తలను ముందుకు నెడుతూ ఉంటుంది. మేం భుజాల దగ్గర 2 అంగుళాలు కిందికి కోశాం.

మూడో వారం: బెల్టులు

ఎక్కువ రోజులు పట్టింది ఇక్కడే. పట్టాలి కూడా.

కొత్తవి పాలిస్టర్, ఆరు పాయింట్లు. పాలిస్టర్ నైలాన్ కంటే తక్కువ సాగుతుంది, ఎండకు నెమ్మదిగా చెడుతుంది. నడుం పట్టీలు 2 అంగుళాలు. 3 అంగుళాలవి వెడల్పుగా ఉంటే మంచివనుకుంటారు గానీ, తుంటి ఎముక కింది వంపులో 2 అంగుళాల పట్టీ కూర్చున్నట్టు 3 అంగుళాలది కూర్చోదు. వెడల్పాటిది పైకి జారి పొట్ట మీదికొస్తే దెబ్బ ఎముకకు కాక పేగులకు తగులుతుంది.

పాత బండిలో భుజం పట్టీలు సీటు వెనక 16 అంగుళాల దూరంలో, భుజం ఎత్తుకంటే 13 అంగుళాల కింద ఉన్న గొట్టానికి కట్టారు. తాడు కట్టి యాంగిల్ ఫైండర్ పెట్టి చూస్తే 39 డిగ్రీలు. ఇంత కిందికి లాగే పట్టీ ముందు దెబ్బలో భుజాన్ని వెనక్కి పట్టుకోవడంతో ఆగదు, కిందికి కూడా తొక్కుతుంది. ఆ బరువంతా వెన్నుపూసల మీదే. సమతలం నుంచి కిందికి 20 డిగ్రీల లోపల ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. సీటు వెనక 7 అంగుళాల దూరంలో, భుజానికి 1 అంగుళం కింద కొత్త అడ్డ గొట్టం వెల్డ్ చేశాం. 1.5 అంగుళాలు, 0.095 అంగుళం గోడ, డీఓఎం రకం (అచ్చు కడ్డీ మీద లాగి చేసిన గట్టి గొట్టం). ఇప్పుడు కోణం 8 డిగ్రీలు. దూరం తగ్గడం కూడా లాభమే. పట్టీ ఎంత పొడవుంటే అంత సాగుతుంది, కాబట్టి గొట్టం దగ్గరగా ఉంటే సాగుడు తగ్గుతుంది.

ఆ గొట్టానికి పట్టీ చుట్టే పద్ధతి చూపిస్తే గానీ అర్థం కాదు, రాతలో ప్రయత్నిస్తాం. పట్టీ గొట్టం చుట్టూ తిరిగి మూడు కడ్డీల స్లైడ్‌లోకి వస్తుంది. ముందు మధ్య కడ్డీ మీదుగా వెళ్లి బయటికొస్తుంది. చాలామంది అక్కడితో ఆపేస్తారు. అలా ఆపితే బరువు పడ్డప్పుడు పట్టీ మెల్లగా జారిపోతుంది. చివరను మళ్లీ వెనక్కి మడిచి అదే స్లైడ్‌లోంచి ఇంకోసారి దూర్చాలి. ఆ మడతే తాళం. స్లైడ్‌ను గొట్టానికి ఆనేలా దగ్గరగా జరపాలి, చివర కనీసం 4 అంగుళాలు మిగలాలి. బిగించాక ఆ చివరన మార్కర్‌తో ఒక గీత గీశాం. రేసు తర్వాత గీత కదిలితే పట్టీ జారుతున్నట్టు లెక్క. పట్టీలు గొట్టం మీద పక్కకు జారకుండా అటూ ఇటూ చిన్న ఉంగరాలు వెల్డ్ చేశాం.

నడుం పట్టీల బ్రాకెట్లు ఫ్రేమ్‌కి, 7/16 అంగుళం గ్రేడ్ 8 బోల్టులతో. కోణం 50 డిగ్రీల దగ్గర కుదిరింది. బ్రాకెట్ పట్టీ లాగే దిక్కుకు తనంతట తాను తిరగాలి. గట్టిగా బిగించి కదలకుండా చేస్తే పట్టీ ఒక పక్కకు కుప్పగా జరుగుతుంది, బరువంతా ఒక అంచు మీద పడి అక్కడి నుంచి చిరగడం మొదలవుతుంది. దీన్ని పిట్స్‌లో 'డంపింగ్' అంటారు. మా కుడి బ్రాకెట్‌కి మొదటి రోజు ఇదే జరిగింది. ట్యాబ్ కొంచెం వంకరగా వెల్డ్ అయింది. చేత్తో గట్టిగా లాగి చూస్తేనే పట్టీ మూలకు చేరింది. గ్రైండర్‌తో కోసి మళ్లీ పెట్టాం. సీటులో పట్టీలు దూరే రంధ్రాలన్నిటికీ రబ్బరు అంచు వేశాం, కోసిన అల్యూమినియం అంచు కత్తే.

తొడల మధ్య పట్టీలు రెండు, ఛాతీ వరసలో కిందికి వచ్చే గీతకు కాస్త వెనకగా కట్టేవి. ఐదు పాయింట్ల బెల్టులో ఒకటే పట్టీ, అది నడుం బెల్టు పైకి లేవకుండా ఆపడానికే. రెండు పట్టీలైతే తుంటిని కూడా పట్టి ఉంచుతాయి, ఒళ్లు ముందుకీ కిందికీ జారడం తగ్గుతుంది.

బిగించే వరస ముఖ్యం. సీటులో లోతుగా కూర్చుని ముందు నడుం పట్టీ, ఎంత కిందగా ఎంత బిగుతుగా వీలైతే అంత. తర్వాత తొడల పట్టీలు. చివర భుజాలు. భుజాలు ముందు లాగితే నడుం పట్టీ పొట్ట మీదికి లేస్తుంది. రేసులో పసుపు జెండా పడి అందరూ నెమ్మదించినప్పుడల్లా ఒకసారి మళ్లీ లాగాలి.

తాళం క్యామ్‌లాక్ తీసుకున్నాం. ఒక్క తిప్పుకు అన్నీ విడిపోతాయి. మట్టి ట్రాకులో దాని శత్రువు దుమ్ము. ప్రతి రాత్రి తర్వాత ఎయిర్ గన్‌తో ఊదాలి, నూనె పెట్టకూడదు. నూనెకు దుమ్ము అంటి లోపల ముద్దవుతుంది. ఎస్‌ఎఫ్‌ఐ 16.1 ట్యాగు మీద చిల్లు కొట్టిన నెల నుంచి రెండేళ్లే ఆయుష్షు, కొన్న రోజు నుంచి కాదు. షాపులో ఏడాది పడి ఉన్న బెల్టు కొంటే సగం డబ్బు పోయినట్టే, అందుకే ట్యాగు చూసి కొనాలి.

నాలుగో వారం: మెడ

ఫోమ్ కాలరు బరువైన హెల్మెట్‌కి ఆసరా ఇస్తుంది, మెడ అలసట తగ్గిస్తుంది. అంతకు మించి అది ఏమీ చెయ్యదు. బండి గోడకు తగిలి ఆగినప్పుడు బెల్టులు ఒంటిని ఆపుతాయి, తల మాత్రం ముందుకు పోతూనే ఉంటుంది. పుర్రె అడుగు ఎముక విరగడానికి తల దేనికీ తగలక్కర్లేదు, ఆ లాగుడే చాలు.

1981లో అమెరికాలోని మిడ్ ఒహాయో ట్రాకులో పాట్రిక్ జాక్మార్ అనే రేసర్ ఇలాగే చనిపోయాక, రేసర్ జిమ్ డౌనింగ్ తన బావ రాబర్ట్ హబ్బర్డ్‌తో కలిసి దీనికి మందు వెతికాడు. హబ్బర్డ్ మిషిగన్ స్టేట్‌లో బయోమెకానిక్స్ ప్రొఫెసర్. అలా పుట్టిందే హాన్స్, భుజాల మీద నిలిచి టెథర్ తాళ్లతో హెల్మెట్‌ను పట్టి ఉంచే మెడ పరికరం. పరికరం ఉన్నా ఏళ్ల తరబడి చాలామంది తగిలించుకోలేదు, తల తిప్పడానికి అడ్డమనేవారు. 2001 ఫిబ్రవరి 18న డేటోనా రేసులో పేరున్న నాస్కార్ డ్రైవరు డేల్ అర్న్‌హార్ట్ పోయాడు, అదే ఏడాది అక్టోబరులో నాస్కార్ పైస్థాయి సిరీస్‌లలో తప్పనిసరి చేసింది. మందు వెతకడం మొదలైన దగ్గర్నుంచి అది పైస్థాయి డ్రైవర్లందరి మెడకూ చేరడానికి ఇరవై ఏళ్లు పట్టింది. వారాంతపు మట్టి ట్రాకుల్లో కొన్నిచోట్ల ఇప్పటికీ 'పెట్టుకుంటే మంచిది' అనే రాస్తారు. అలా రాయడం తప్పని గట్టిగా చెబుతున్నాం.

అమరిక చిన్న పనే, శ్రద్ధ కావాలి. ఇలా నిటారుగా కూర్చునే బండికి 20 డిగ్రీల కోణం ఉన్నది సరిపోతుంది. వాలి కూర్చునే ఫార్ములా బండ్లకు ఎక్కువ కోణం. భుజం పట్టీలు పరికరం కాళ్ల మీద సరిగ్గా మధ్యలో పడాలి, అడ్జస్టర్ బకిల్ దాని కిందికి దూరకూడదు. మాకు ఎడమ అడ్జస్టర్ కొస తగులుతూ వచ్చింది. స్లైడ్ దగ్గర పట్టీ కాస్త వదిలితే 1.5 అంగుళాలు కిందికి దిగింది. ఎస్‌ఎఫ్‌ఐ 38.1 ట్యాగు ఉన్న పరికరాన్ని 5 ఏళ్లకోసారి తయారీదారుకు పంపి తిరిగి సర్టిఫై చేయించాలి. టెథర్ తాడు నలిగినా, పోగులు లేచినా అప్పటిదాకా ఆగకూడదు.

హెల్మెట్ స్నెల్ ఎస్‌ఏ2020. 1956లో రేసులో తలకు దెబ్బ తగిలి చనిపోయిన పీట్ స్నెల్ పేరు మీద 1957లో మొదలైన, హెల్మెట్లను పరీక్షించే సంస్థ అది. ఎం రేటింగ్ హెల్మెట్ చౌకే, కానీ దాని లోపలి గుడ్డను మంట పరీక్షకు పెట్టరు, కేజ్ గొట్టానికి తగిలే రకం దెబ్బకు పరీక్షించరు. బండిలో మనకు ఉన్న ప్రమాదాలే ఆ రెండు. టెథర్ తగిలించే ఎం6 మర రంధ్రాలు కొత్త హెల్మెట్లలో ముందే ఉంటాయి. పాత హెల్మెట్‌కి సొంతంగా డ్రిల్ వెయ్యొద్దు. అద్దం మీద టేరాఫ్ పొరలు (మట్టి పడ్డప్పుడు ఒక్కొక్కటే చించేసే పల్చటి పొరలు), నుదుటి దగ్గర గాలి గొట్టం, ఈ రెండూ మట్టి ట్రాకు సొంత అవసరాలు.

ఐదో వారం: మంట

1964 మే నెలలో వారం తేడాలో రెండు ఘోరాలు. షార్లెట్ రేసులో డ్రైవరు ఫైర్‌బాల్ రాబర్ట్స్ కాలిపోయి జులైలో చనిపోయాడు. ఇండియానాపొలిస్‌లో ఎడ్డీ సాక్స్, డేవ్ మెక్‌డొనాల్డ్ మంటల ప్రమాదంలో పోయారు. రబ్బరు సంచి, లోపల ఫోమ్, బయట ఉక్కు పెట్టె, ఇలాంటి ఫ్యూయల్ సెల్ ఆ తర్వాతే రేసింగ్‌లో స్థిరపడింది. లోపలి ఫోమ్ పని పెట్రోలు అటూ ఇటూ కొట్టుకోకుండా ఆపడం, సంచి చిరిగినా ఒక్కసారిగా కుమ్మరించకుండా చూడటం. పొడైపోయిన ఫోమ్ ఆ పని చెయ్యదు సరికదా, ఫిల్టరులో చేరి ఇంజనును ఆపేస్తుంది. కొత్త సంచి, కొత్త ఫోమ్ వేశాం. దాన్ని పట్టి ఉంచడానికి 2 అంగుళాల వెడల్పు, 1/8 అంగుళం మందం ఉక్కు పట్టీలు రెండు నిలువుగా, రెండు అడ్డంగా. గాలి గొట్టానికి పల్టీలో మూసుకునే వాల్వు. ఆ వాల్వును బిగించే ముందు చేత్తో తలకిందులు చేసి ఊది చూడాలి. లోపలి గోళీ మట్టితో అతుక్కుని ఉంటే మూసుకోదు.

మంట ఆర్పే సిలిండరును కుడి పక్క ఫ్రేమ్‌కి ఉక్కు బ్యాండ్లతో కట్టాం. ఒక నాజిల్ డ్రైవరు కాళ్ల వైపు, ఒకటి ఫ్యూయల్ సెల్ వైపు. లాగే పిడి బెల్టులు బిగించుకున్నాక కూడా అందాలి, బయట నిలబడ్డవాళ్లకూ అందాలి. కూర్చుని కాక, నిలబడి చోటు నిర్ణయిస్తే తప్పు జరుగుతుంది.

సూటు విషయానికొస్తే, ఒక పొర ఉన్న 3.2ఏ/1 ఇచ్చేది సుమారు 3 సెకన్లు. 3 సెకన్లలో బెల్టు కూడా విప్పలేం. కాబట్టి /5. లోపల మంట తట్టుకునే లోదుస్తులు వేస్తే ఇంకొంత సమయం దొరుకుతుంది. మామూలు ఆటల టీషర్టు సింథటిక్, కరిగి ఒంటికి అంటుకుంటుంది. గ్రీజు మరకలున్న సూటు వత్తిలా పనిచేస్తుంది, ఆ సూటుతో బండి కిందికి దూరి పని చెయ్యకూడదు. ఇంజను మిథనాల్ మీద నడిచేదైతే ఇంకో సంగతి: పగటి వెలుగులో ఆ మంట కంటికి కనబడదు. డ్రైవరు గెంతుతూ చేతులు దులుపుతున్నాడంటే కాలుతున్నాడని అర్థం. దానికి నీళ్లు పనిచేస్తాయి, అందుకే మిథనాల్ పిట్‌లో నీళ్ల బకెట్లుంటాయి.

ఆరో వారం: మిగతావి

డ్రైవరు తలుపు కడ్డీల మీద 18 గేజ్ ఉక్కు రేకు, పై కడ్డీ నుంచి కింది కడ్డీ దాకా వెల్డ్ చేశాం. ఇంకో బండి బంపరు కడ్డీల మధ్యలోంచి లోపలికి దూరకుండా. ముందు అద్దం ఉండదు కాబట్టి డ్రైవరు ఎదుట మూడు నిలువు కడ్డీలు, వాటి ముందు ఉక్కు జాలి. వెనక చక్రం విసిరే మట్టి గడ్డ లోపల రాయి ఉంటే తెలుస్తుంది జాలి విలువ.

ఇంజను బలాన్ని వెనక చక్రాలకు చేర్చే డ్రైవ్ షాఫ్ట్ డ్రైవరు కాలి పక్కనుంచే తిరుగుతుంది. షాఫ్ట్ ముందు కొసన ఉన్న యూ జాయింట్ (వంగే కీలు) నుంచి 6 అంగుళాలు వెనక్కి, 2 అంగుళాల వెడల్పు 1/4 అంగుళం మందం ఉక్కుతో పూర్తి గుండ్రటి లూప్. జాయింట్ తెగితే షాఫ్ట్ ఫ్లోరును చీల్చుకుని లోపలికి రాకూడదు. షాఫ్ట్‌కి తెల్ల రంగు, ట్రాకు మీద ఊడి పడితే వెనకవాళ్లకు కనబడాలని. కాళ్ల సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 2013 ఆగస్టులో అయోవాలోని ఆస్కలూసాలో స్ప్రింట్ కారు ప్రమాదంలో నాస్కార్ చాంపియన్ టోనీ స్టూవర్ట్ కుడి మోకాలి కింది ఎముకలు రెండూ విరిగాయి. అంత అనుభవమున్న డ్రైవరుకు, మామూలు వారంలో, అరమైలు మట్టి ట్రాకు మీద. మోకాళ్ల పక్కన సీటుకు కాళ్ల ఆసరాలు బిగించాం, స్టీరింగ్ కాలమ్ కింద ప్యాడింగ్ వేశాం.

విండో నెట్ రిబ్బన్ రకం, ఎస్‌ఎఫ్‌ఐ 27.1. కింద ఉక్కు కడ్డీ శాశ్వతంగా, పైన లివరు తాళం. లివరు తియ్యగానే నెట్ బరువుకు కిందికి పడాలి. పైన కట్టి కింద విప్పేలా పెడితే బండి పల్టీలో నెట్ ముఖం మీద వేలాడుతుంది.

చివరి రోజు: బయటికి రావడం

అన్నీ బిగించాక డ్రైవరును సూటు, చేతి తొడుగులు, హెల్మెట్, హాన్స్‌తో కూర్చోబెట్టి, బెల్టులు రేసుకు ఎంత బిగిస్తామో అంతా బిగించి, స్టాప్‌వాచ్ నొక్కాం. మొదటిసారి 19 సెకన్లు.

ఎక్కడ పోయాయి? గాలి గొట్టం హెల్మెట్ నుంచి విడిపోలేదు, క్లిప్పు బిగుతుగా ఉంది, 4 సెకన్లు. ఇంజను, కరెంటు ఆపే కిల్ స్విచ్ కోసం చెయ్యి తడుముకుంది, 2 సెకన్లు. బయటికొచ్చేటప్పుడు హాన్స్ వెనక కాలు తల రెక్క కింద తట్టుకుంది, అతను కిందికి జారి మళ్లీ లేచాడు.

క్లిప్పు తీసేసి లాగితే ఊడే రకం జాయింట్ పెట్టాం. కిల్ స్విచ్‌ను కుడి చేతి నుంచి డాష్ మధ్యకు, రెండు చేతులకూ అందేలా జరిపి చుట్టూ ఎర్ర రంగు వేశాం. తల రెక్క ఎడమ పక్కది పిన్ను లాగితే ఊడొచ్చే రకానికి మార్చాం. వరస గోడ మీద రాసి పెట్టాం: స్విచ్, స్టీరింగ్ చక్రం, నెట్, క్యామ్‌లాక్, గొట్టం, తల ముందుకు వంచి బయటికి. హాన్స్ టెథర్లు విప్పక్కర్లేదు, హెల్మెట్‌తో పాటే వస్తుంది.

ఆరోసారికి 11 సెకన్లు. పదోసారికి 9.

తర్వాత కళ్లకు గంతలు కట్టి చేయించాం, పొగలో ఏమీ కనబడదు కాబట్టి. 13. కుడి చెయ్యి వాడకుండా ఎడమ చేత్తోనే చేస్తే 16. క్యామ్‌లాక్ ఎడమ చేత్తో తిప్పడం ఇబ్బందిగా ఉంది, పైన మీట కొంచెం పొడవున్నది తెప్పిస్తున్నాం. అది వచ్చేదాకా బండి షాపు దాటదు.